షాడోయింగ్‌కి టీచింగ్ హాస్పిటలా, చిన్న క్లినిక్కా?

తెల్లకోటు: అమెరికాలో ప్రీమెడ్ (మెడికల్ కాలేజీలో చేరేముందు డిగ్రీ) చదివేవాళ్లు డాక్టర్ వెంట ఉండి పని చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? యూనివర్సిటీ హాస్పిటల్లో కార్డియాలజీ మేలా, ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్ మేలా?

థియేటర్‌వైపు: హాస్పిటలేనండి. అరుదైన కేసులు కనిపిస్తాయి, అటెండింగ్ (బాధ్యత వహించే సీనియర్ డాక్టర్) రెసిడెంట్లను (శిక్షణలో ఉన్న డాక్టర్లను) ప్రశ్నలడిగే తీరు తెలుస్తుంది. కాకపోతే రెండు నెలల ముందే అడగాలి. టీబీ పరీక్ష, ఎమ్ఎమ్ఆర్, చికెన్‌పాక్స్ టీకాల రుజువు, సీజన్లో ఫ్లూ టీకా, హిపా (పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలనే చట్టం) శిక్షణ... ఒక్క కాగితం తక్కువైనా బ్యాడ్జి ఇవ్వరు. 18 ఏళ్లు నిండనివాళ్లను చాలాచోట్ల రానివ్వరు.

క్లినిక్‌పక్షం: ఒప్పుకోనండి. రౌండ్స్‌లో అటెండింగ్, ఫెలో (స్పెషాలిటీ శిక్షణలో ఉన్న డాక్టర్), రెసిడెంట్లు, మెడికల్ స్టూడెంట్లు, వీళ్లందరి వెనక నిలబడేది ప్రీమెడ్. పేషెంట్ మాట అంతదూరం వినిపించదు. క్లినిక్‌లో గదిలో ఉండేది ముగ్గురే. షుగర్ పేషెంట్ "అంతా బాగానే ఉంది" అంటాడు, లేచి తలుపు మీద చెయ్యి వేశాక "మెట్లెక్కితే గుండె పట్టేసినట్టుంటోంది" అంటాడు. డాక్టర్ టైపింగ్ ఆపి మళ్లీ కూర్చోబెట్టి, ఎప్పటినుంచి, ఎంతసేపు, చేతిలోకి పాకుతోందా అని అడిగి ఈసీజీ తీయిస్తారు. నేర్చుకోవాల్సింది అదే! పక్కగదికి నడిచే ఆ రెండు నిమిషాల్లో ఎందుకలా అడిగారో మనమూ అడగొచ్చు. ఎమ్‌క్యాస్ (మెడికల్ కాలేజీలకు పెట్టే ఉమ్మడి అప్లికేషన్)లో మనం చేసిన పనులకు 15 ఎంట్రీలే, ఒక్కోదానికి మామూలుగా 700 అక్షరాలే. అక్కడ రాయడానికి పనికొచ్చేది చూసిన విషయం. హాస్పిటల్ పేరు చూసి సీటివ్వరు.

థియేటర్‌వైపు: పేరు గురించి మీరన్నది నిజమే. కానీ సర్జరీ క్లినిక్‌లో కనిపించదు కదా! ఒకట్రెండు రోజులైనా థియేటర్లో నిలబడాలి. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి కళ్లు తిరుగుతాయి. అలా అనిపిస్తే స్టెరైల్ (క్రిములు లేకుండా ఉంచిన) బల్లలకు దూరంగా జరిగి, వెంటనే గోడవారగా నేలమీద కూర్చుని నర్సుకు చెప్పాలి. నీలం గుడ్డ కప్పినదేదీ ముట్టుకోకూడదు.

డీఓదారి: డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్, ఎండీ లాగే డాక్టర్ డిగ్రీ) కాలేజీలకు కూడా అప్లై చేసేవాళ్లు ఒక డీఓ డాక్టర్ పని తప్పక చూడాలి. వాళ్ల సిఫారసు లెటర్ అడిగే కాలేజీలున్నాయి.

తెల్లకోటు: సెలవుల్లో ఇండియా వెళ్లి బంధువుల హాస్పిటల్లో చూస్తే సరిపోతుందా?

క్లినిక్‌పక్షం: అదనంగా అయితే సరే, దాని మీదే ఆధారపడొద్దు. ఇన్సూరెన్స్ అనుమతి రాక మందు మార్చాల్సి రావడం లాంటివి ఇక్కడే చూడాలి. అక్కడ ఎవరైనా ప్రేమకొద్దీ "ఈ ఇంజెక్షన్ నువ్వెయ్యమ్మా" అన్నా వెయ్యకూడదు. పేషెంట్‌కు ప్రమాదం. పైగా అప్లికేషన్లో రాస్తే గొప్ప కాదు, మచ్చ.

క్లినిక్‌కి రాసేటప్పుడు "మంగళవారం ఒక పూట, 4 గంటలు, నెలరోజులపాటు" అని కచ్చితంగా అడగండి. వారంలో జవాబు రాకపోతే ప్రాక్టీస్ మేనేజర్‌కు ఫోన్ చేయండి, డాక్టర్ మెయిల్ చూసి ఉండకపోవచ్చు. ఒప్పుకుంటే మొదటిరోజు నుంచే తేదీ, గంటలు, డాక్టర్ పేరు ఒక పుస్తకంలో, గమనించిన సంగతులు వేరే పుస్తకంలో రాసుకోండి. రెండోదానిలో పేషెంట్ పేరు, ఊరు, తేదీ ఏవీ ఉండకూడదు.