అడ్డపొగ కాల్చేవాళ్ల అంగిలి: ఎవరిని వెంటనే పంపాలి?

ప్రశ్న (సీహెచ్‌ఓ, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, శ్రీకాకుళం జిల్లా):
చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే (అడ్డపొగ) ఆడవాళ్లు మా ఊళ్లలో ఇంకా ఉన్నారు, ఎక్కువమంది 50 దాటినవాళ్లే. నోరు చూస్తే దాదాపు అందరి అంగిలీ తెల్లబారి, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో ఉంటుంది. అందరినీ పెద్దాసుపత్రికి రాస్తే ఎవరూ వెళ్లరు. ఎవరిని ఆలస్యం లేకుండా పంపాలి? అక్కడ ఏం చేస్తారో తెలిస్తే ఇంట్లోవాళ్లకు చెప్పుకోగలను.

జవాబు (ఓరల్ పాథాలజీ, అంటే నోటి జబ్బులను నిర్ధారించే విభాగం):
ముందు కట్టుడు పళ్ల సెట్టు తీయించండి మేడమ్. చాలాసార్లు మచ్చ దాని కిందే ఉంటుంది. తల బాగా వెనక్కి వాల్పించి టార్చి వేయండి. మీరు చూస్తున్న ఎర్ర చుక్కలు లాలాజల గ్రంథుల నోళ్లు, వేడికి వాచి అలా కనిపిస్తాయి. మామూలుగా చుట్ట కాల్చేవాళ్లలో ఇది క్యాన్సర్ కావడం అరుదు. అడ్డపొగలో ఆ భరోసా లేదు, నిప్పు సెగ, పొగ రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి.

గాజుగుడ్డతో తుడిచి చూడండి. తెలుపు ఊడి వస్తే అది ఎక్కువగా ఫంగస్. ఊడకపోతే, తెలుపు ఒక్కటే ఉన్నా డెంటల్ డాక్టరుకు ఒకసారి చూపించాల్సిందే. అదే వారంలో పంపాల్సినవాళ్లు వేరు: మఖమల్ గుడ్డలా ఎర్రగా ఉన్న మచ్చ, ఎరుపు తెలుపు కలిసిన మచ్చ, 2 వారాలు దాటిన పుండు, గ్లౌజు వేలితో నొక్కితే అంచు గట్టిగా తగిలేది, కారణం లేకుండా కదిలే పై పళ్లు, మెడలో గడ్డ. నొప్పి లేదని వదలకండి, మొదట్లో నొప్పి ఉండదు. అంగిలితో ఆపకుండా, నాలుకను గాజుగుడ్డతో పట్టి పక్కకు లాగి అంచులు, నాలుక కింద, బుగ్గల లోపల కూడా చూడండి.

జవాబు (హెడ్ అండ్ నెక్ సర్జన్):
నోటిపూత అనుకుని జెల్, బీకాంప్లెక్స్‌తో నెలలు గడిపేయడం వల్లే చాలామంది మూడో నాలుగో దశలో వస్తున్నారు. పన్ను గుచ్చుకుంటోందని అనుమానముంటే దాన్ని అరగదీయించండి. 2 వారాల్లో పుండు మానుముఖం పట్టకపోతే బయాప్సీయే, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. ముక్క తీస్తే పాకుతుందని ఇంట్లోవాళ్లు భయపడతారు, అది నిజం కాదు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి పుండు అంచు నుంచి తీస్తారు, నడిమధ్య నుంచి తీస్తే చచ్చిన కణజాలమే వస్తుంది. ముక్కను 10% ఫార్మలిన్‌లో వేయాలి. నీళ్లలోనో సెలైన్‌లోనో పంపితే పాడైపోయి మళ్లీ తీయాల్సి వస్తుంది.

క్యాన్సర్ అని తేలితే సీటీ స్కాన్ తీసి ఎముకలోకి దిగిందేమో చూస్తాం. చిన్నదైతే ఆపరేషన్ ఒక్కటే సరిపోవచ్చు. అంగిలి ఎముక తీస్తే నోటికీ ముక్కుకీ మధ్య రంధ్రం పడుతుంది, గంజి ముక్కులోంచి వచ్చేస్తుంది, మాట ముక్కుతో పలుకుతుంది. దానికి అబ్ట్యురేటర్ అనే ప్లేటు పెడతారు. ఆపరేషన్‌కు ముందే అచ్చు తీయించుకోవాలి, ఇది మరచిపోతే రోగి చాలా అవస్థ పడుతుంది.

జవాబు (రేడియేషన్ విభాగం):
గడ్డ పెద్దదైనా, మెడ గ్రంథులకు పాకినా ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఉంటుంది. సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు, మొత్తం 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). ఆపరేషన్ అయిన 6 వారాల్లోపు మొదలవ్వాలి. పీకాల్సిన పళ్లను రేడియేషన్‌కు కనీసం 2 వారాల ముందే పీకించాలి. తర్వాత పీకితే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదముంది. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి మీకు దగ్గర.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. చుట్ట తిప్పి మామూలుగా కాలిస్తే పర్లేదా అని అడుగుతున్నారు.

జవాబు (ఓరల్ పాథాలజీ):
పర్లేదని చెప్పకండి. అంగిలికి సెగ తగ్గుతుందేమోగానీ పొగాకు విషం అలాగే ఉంటుంది. పూర్తిగా మానేస్తే అంగిలి మచ్చలు చాలామందిలో తగ్గుముఖం పడతాయి, ఆ మాటే చెప్పండి. మానడానికి 1800-11-2356కు ఫోన్ చేయించండి, ఉచితం.