ప్రకాశం బ్యారేజీ చిత్రంలో ఒండ్రుమట్టి కలపడం సబబేనా?

నీలిగీత:
సీతానగరం ఒడ్డు నుంచి కనిపించే బ్యారేజీని, దాని వెనుక ఇంద్రకీలాద్రిని ప్లైవుడ్ పలకపై చిత్రిస్తున్నాను. కొండకు మోడలింగ్ పేస్టును (ఆరాక గట్టిపడే చిక్కని అక్రిలిక్ ముద్దను) పాలెట్ నైఫ్‌తో ఎత్తుపల్లాలుగా పరిచాను. నదికి అదే పేస్టులో జల్లించిన ఒండ్రుమట్టి కలిపి, ఆరిన తరువాత పలకను అటూ ఇటూ వంచుతూ ఫ్లూయిడ్ అక్రిలిక్ రంగులు పోశాను. రంగు మిట్టలపై నిలవకుండా పల్లాలలోకి చేరి నీటి చారలు కట్టింది. ఇది చిత్రలేఖనం కాదు, అలంకరణ పని అని ఒక మిత్రురాలు తేల్చేశారు. మీరేమంటారు?

పాత కుంచె:
ఆ చర్చకు ముందు, మట్టి నిలవదని గ్రహించండి. పేస్టును పట్టి ఉంచేది అందులోని అక్రిలిక్ జిగురు. సన్నని మట్టి రేణువులు ఆ జిగురును పీల్చుకుంటే పొర పెళుసుబారి పగులుతుంది. నేను ఏటి ఇసుక అద్ది గుంటూరులో ఒకరికి అమ్మిన చిత్రం, ఒక్క వేసవి దాటగానే వారి సోఫాపై ఇసుక రాల్చింది. వారు దానిని తిప్పి పంపి, పదిమందిలో నన్ను నిలదీసి డబ్బు వెనక్కు తీసుకున్నారు. ఆ మాటలు నేటికీ మరువలేదు.

అరండల్‌పేట:
మట్టి ఎంత పాళ్లలో కలిపారు?

నీలిగీత:
నాలుగు వంతుల పేస్టుకు ఒక వంతు. మందంగా వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండి పగులుతుందని, పలుచని పొరలుగా, ఒకటి ఆరాక మరొకటి వేశాను. రంగులో నీళ్లు పోయలేదు, రంగు సాఫీగా పారేలా చేసే పోరింగ్ మీడియమే కలిపాను.

బందరు కాలువ:
కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేసిన బొమ్మల అవయవాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కలగలుపు సామగ్రి మన చేతులకు కొత్త కాదు.

పాత కుంచె:
బొమ్మ వేరు, చిత్రం వేరు. కొండపల్లి కళాకారుడు ప్రతి ముక్కనూ తన చేతితో చెక్కుతాడు. పలకను వంచితే ఏర్పడిన చారను నాది అనడం ఎలా? బ్యారేజీకి 70 గేట్లున్నాయి. పోసిన రంగులో అవి ఎక్కడ?

అరండల్‌పేట:
అమెరికా చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ 1952లోనే పలుచన చేసిన నూనెరంగులను కాన్వాస్‌పై పోసి కొండలనూ సముద్రాన్నీ చిత్రించారు. పోయడం చేతకానితనమని నేడు ఎవరైనా అంటారా?

పాత కుంచె:
ఆమె ముందు గీతలు గీసి, ఆ తరువాత రంగు పోశారు. నేను ఇరవై ఏళ్లు ఆ ఒడ్డున కూర్చుని ఒక్కొక్క గేటూ గీశాను. నేడు రెండు రోజుల శిక్షణతో, నదిని కన్నెత్తి చూడకుండానే నదిని పోసేస్తున్నారు. నాకు బాధ కలిగేది అక్కడ.

నీలిగీత:
నేను ఏ శిక్షణకూ వెళ్లలేదండీ. ఇంతసేపు మట్టి రాలుతుందా అన్నారే గానీ, అది ఎక్కడిదని ఒక్కసారైనా అడిగారా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చింది. నీళ్లు తీశాక అమ్మ చీరల బీరువా అడుగు నుంచి నేను గీకి దాచిన మట్టి అది. నదిని నేను చూడలేదని మరొక్కసారి అనకండి.

బందరు కాలువ:
అయ్యో, తల్లీ.

పాత కుంచె:
అడగకపోవడం నా తప్పే, అమ్మా. అయినా నా అభ్యంతరం ఇప్పుడు ఇంకా గట్టిపడింది. మీ ఇల్లు ముంచినది బుడమేరు. మీరు చిత్రిస్తున్నది కృష్ణ. ఆ రోజుల్లో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయిన మాట నిజమే గానీ, ఆ నీరు మీ గడప తొక్కలేదు. ఒక నీటి మట్టిని మరొక నీటికి పూస్తే చూసేవారికి అబద్ధం చెప్పినట్లు కాదా?

నీలిగీత:
ఒకే వానకు రెండూ పొంగాయి. మేడపై నిలబడి చూసిన నాకు ఏది ఏ నీరో తెలియలేదు. గేట్లు గీయనిది అందుకే.

పాత కుంచె:
అలాగైతే ఇంద్రకీలాద్రిని తీసి, ఆ మేడను వేయండి. మట్టి గురించి ఇక మాట్లాడను.

నీలిగీత:
కొండను తీయను. ఆ మూడు రోజులూ అమ్మ ఆ దిక్కుకే దండం పెట్టుకుంది.

అరండల్‌పేట:
నది భాగం పూర్తిగా ఆరాక పలుచగా మాట్ జెల్ (మెరుపులేని అక్రిలిక్ జిగురు) పూయండి, మట్టి రాలదు. అంతవరకు పలకను నిలబెట్టకుండా పడుకోబెట్టే ఉంచండి.