పాత డెస్క్‌టాప్‌తో ఇంట్లో స్టోరేజ్ సర్వర్: డిస్కులు రెండా, మూడా?

పెదవాల్తేరు కుర్రాడు:
ఇంట్లో అందరి ఫోన్లూ నిండిపోయాయి, నాన్న పాత వీడియో క్యాసెట్లన్నీ డిజిటల్ చేయించేసరికి మొత్తం రెండు టీబీ దాటింది. మూలన నాలుగో జనరేషన్ ఐ3 డెస్క్‌టాప్ పడి ఉంది, 8 జీబీ ర్యామ్, దాని మీద ట్రూనాస్ (స్టోరేజ్ సర్వర్ నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామనుకుంటున్నా. 4 టీబీ డిస్కులు రెండు కొని మిర్రర్ (రెండింట్లోనూ ఒకటే డేటా) చేయాలా, మూడు కొని రెయిడ్ 5 లాంటిది (డేటా మూడింటికీ పంచి, ఒకటి పోయినా తట్టుకునేది) పెట్టాలా? మూడైతే 8 టీబీ వాడుకోవచ్చని ఆశ. పెట్టేది బాల్కనీ పక్క గదిలో, కిటికీ తీస్తే సముద్రమే.

ఉక్కునగరం గురూ:
రెండు చాలు. మిర్రర్‌లో ఒకటి పోతే రెండోదాంట్లోంచి నేరుగా కాపీ అయిపోతుంది. అదే మూడింటి సెట్‌లో ఒకటి పోతే మిగతా రెండూ చదివి కొత్తదాన్ని నింపాలి, ఆ మధ్యలో ఇంకోటి పోయిందా, గోవిందా. కొనేముందు మోడల్ నంబర్ చూసి సీఎంఆరా ఎస్ఎంఆరా (డిస్కు మీద డేటా రాసే రెండు పద్ధతులు) తేల్చుకోండి, షాపులో అడిగితే రెండూ ఒకటే సార్ అంటారు, కాదు. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, తిరగరాయాలంటే పక్కవాటినీ మళ్లీ రాయాలి, అందుకే నెమ్మది. సీఎంఆర్‌లో అలా ఎక్కి ఉండవు. 2020లో డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) కంపెనీ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవైంది. రెడ్ ప్లస్ అయితే సీఎంఆర్.

హుద్‌హుద్ చూసినవాణ్ణి:
ఆ కిటికీ సంగతి ఎవరూ పట్టించుకోరేంటి? మాదీ బీచ్ పక్కనే. ఉప్పుగాలికి రెండేళ్లలో కేబినెట్ స్క్రూలు ఎర్రగా తుప్పుపట్టాయి, ఒకరోజు అసలు ఆన్ కాలేదు. ర్యామ్ తీసి చూస్తే పిన్నుల మీద నల్లటి పొర, పిల్లాడి రబ్బరుతో రుద్దితే లేచింది. లోపలి గదిలో పెట్టండి.

ఇంకోటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి మా కిటికీ అద్దం పగిలి వాన తిన్నగా బల్ల మీదికే కొట్టింది, కంప్యూటరూ బ్యాకప్ డిస్కూ రెండూ అక్కడే. రోజుల తరబడి కరెంటు లేక, ఏది బతికిందో కూడా వెంటనే తెలియలేదు. ఏదీ బతకలేదు. అమ్మాయి అన్నప్రాశన ఫొటోలు అందులోనే. మూడో డిస్కు కొనండి, కానీ సర్వర్‌లోకి కాదు, కాపీ చేసి వేరే ఊళ్లో పెట్టండి. పొరపాటున డిలీట్ చేస్తే మిర్రర్‌లో రెండు చోట్లా పోతుంది కూడా.

పెదవాల్తేరు కుర్రాడు:
విజయనగరంలో పిన్ని వాళ్లున్నారు, నెలకోసారి వెళ్తూనే ఉంటా. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ కూడా కావాలా?

ఉక్కునగరం గురూ:
బ్యాటరీ అయిపోతోందని మామూలు ఇన్వర్టర్ సర్వర్‌కి చెప్పదు కదా. యూఎస్‌బీ కేబుల్ ఉన్న చిన్న యూపీఎస్ తీసుకోండి, సెట్ చేస్తే దానంతటదే షట్‌డౌన్ అవుతుంది.

పెదవాల్తేరు కుర్రాడు:
సరే అన్నా. మూడోది పిన్ని బీరువాలో, పట్టుచీరల మధ్య. దాని మీద పేరు రాసి పెట్టాలి, లేకపోతే పాత ఛార్జర్ అనుకుని ఎవరికో ఇచ్చేస్తుంది.