‘ప్రారబ్ధార్థము లుజ్జగింపరు’: ఈ ప్రారబ్ధం తలరాత కాదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. ‘ఆరంభింపరు నీచమానవులు’ పద్యం చివరి పాదంలో ‘ప్రారబ్ధార్థములు’ అని ఉంది కదా. ప్రారబ్ధం అంటే ఖర్మ, నుదుటిరాత అనే నాకు తెలుసు. ధీరులు తమ ప్రారబ్ధాన్ని వదిలిపెట్టరు అంటే, రాసిపెట్టి ఉన్నదాన్ని ఓర్చుకుంటారనా? అలాగైతే పద్యం మొత్తం తలకిందులవుతోంది. ఎవరైనా వివరంగా చెప్పగలరా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారండీ. ముందు పద్యం మొత్తం ఒకసారి చూద్దాం.

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై
యారంభించి పరిత్యజింతు రురు విఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్న నిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

ఇది భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు. ఇందులో ‘ప్రారబ్ధం’ అంటే ‘మొదలుపెట్టబడినది’, అంతే. లభించు నుంచి లబ్ధం వచ్చినట్టే, ఆరంభించు నుంచి ఆరబ్ధం, ప్రారంభించు నుంచి ప్రారబ్ధం. ప్రారబ్ధార్థములు అంటే తాము చేపట్టిన పనులు. ఉజ్జగింపరు అంటే విడిచిపెట్టరు. సంస్కృత మూలంలోనూ ఇదే వరస: ‘ప్రారభ్యతే’, ‘ప్రారభ్య’, చివరికి ‘ప్రారబ్ధం’. ఒకరు అసలు మొదలుపెట్టరు, ఒకరు మొదలుపెట్టి వదిలేస్తారు, ఒకరు మొదలుపెట్టినదాన్ని వదలరు. ముగ్గురి గురించీ చెబుతున్నది ఒకే క్రియ. తలరాతకు ఇందులో చోటే లేదు.

రెండో పాదంలో ‘రురు’ దగ్గర చాలామంది తడబడతారు. అది ‘పరిత్యజింతురు + ఉరు’. ఉరు అంటే పెద్ద. మధ్యములు నిజంగానే పెద్ద అడ్డంకి వచ్చాక ఆగిపోతారు. మొదటివాళ్లకు అసలు అడ్డంకే రాలేదు. వస్తుందేమోనన్న టెన్షన్‌తోనే ఆగిపోయారు. సంత్రస్తులు అంటే బెదిరిపోయినవాళ్లు.

నాకు ఈ పద్యంలో అన్నిటికంటే ఇష్టమైన మాట ‘నిహన్యమానులగుచున్’. నిహతులు అంటే దెబ్బ తిన్నవారు. ఆ దెబ్బ తగలడం అయిపోయింది. నిహన్యమానులు అలా కాదు, దెబ్బలు ఇంకా పడుతూనే ఉన్నాయి. మూలంలో ‘పునఃపునరపి’, అంటే మళ్లీ మళ్లీ, అని విడిగా ఉన్న భావాన్ని లక్ష్మణకవి ఈ ఒక్క రూపంలోకి తెచ్చేశాడు. కష్టం తీరాక పనిలోకి దిగడం గురించి కాదు ఆయన చెబుతున్నది. ఒక పక్క దెబ్బలు తగులుతుండగానే పని వదలకపోవడం గురించి. అప్పుడు ఆ మనిషికి అండగా ఉన్నదేమిటి? ధృతి అంటే మనోనిబ్బరం, దానితోపాటు ఉన్నతమైన ఉత్సాహం. రెండూ మనిషి లోపలివే. దేవుడు కరుణించాడనో, గ్రహాలు అనుకూలించాయనో ఈ నాలుగు పాదాల్లో ఎక్కడా లేదు.

‘ప్రజ్ఞానిధుల్ గావునన్’ అనేది మాత్రం తెలుగు కవి చేర్చినది. మూలంలో ‘ఉత్తమజనాః’ అని ఊరుకున్నారు. ఈయన కారణం కూడా చెప్పాడు: తెలివి ఉంది కాబట్టి వదలరు. మొండితనానికీ పట్టుదలకూ తేడా ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది.

మరో సభ్యుడు: బాగా చెప్పారు మాస్టారూ. కానీ వేదాంతంలో ‘ప్రారబ్ధం అనుభవించక తప్పదు’ అంటారు కదా. జనం వాడే అర్థం అక్కడినుంచి వచ్చిందే. దాన్ని తప్పు అనలేం.

జవాబు: తప్పు అనడం లేదండీ. రెండు అర్థాలూ ఒకే మూలం నుంచి వచ్చాయి. వేదాంతంలో కూడా ప్రారబ్ధం అంటే ఫలమివ్వడం ‘మొదలుపెట్టిన’ కర్మే. పోగై ఉన్నది సంచితం, ఇక ముందు చేసేది ఆగామి, ఇప్పటికే మొదలైనది ప్రారబ్ధం. విల్లు వదిలిన బాణాన్ని ఉదాహరణగా చెబుతారు: వదిలేశాక వెనక్కి పిలవలేం. సరే, ఒప్పుకుందాం. కానీ అందులోనూ బాణం వేసింది మనిషే! పైగా చేతిలో ఉన్న బాణం సంగతి ఆ మాట చెప్పడం లేదు. మనం రోజూ ‘నా ప్రారబ్ధం ఇంతే’ అంటున్నప్పుడు ఆ మూడు కర్మల్నీ కలిపేసి ఒక్క ముద్ద చేస్తున్నాం. అమ్ములపొదిలో ఉన్నవీ చేతిలో ఉన్నవీ కూడా ఎప్పుడో వదిలేసినట్టు మాట్లాడుతున్నాం. నా అభ్యంతరమల్లా దానిమీదే.

కర్మ అన్న మాట కూడా ఇంతే. అసలు అర్థం చేసే పని. నోటి వాడుకలో ‘ఖర్మ’ అయ్యేసరికి ఎవరో నెత్తిన పెట్టిపోయిన బరువులా వినిపిస్తోంది.

ఒక సభ్యురాలు: ఒక్క సందేహం. ఎంత పట్టుబట్టినా పని జరగనివాళ్లు ఉంటారు కదండీ. వాళ్లకు ‘నీ ప్రయత్నం చాలలేదు’ అని చెప్పడానికి ఈ పద్యం వాడితే అన్యాయం కాదా? ‘ప్రారబ్ధం’ అన్న మాటే వాళ్లకు కాస్త ఊరటేమో.

జవాబు: మీరన్నది నిజం. అలా వాడేవాళ్లూ ఉన్నారు. కానీ పద్యాన్ని ఇంకొకసారి చూడండి. ధీరులు గెలుస్తారని ఎక్కడా లేదు. ఉజ్జగింపరు అన్నాడు గాని సాధింతురు అనలేదు. ‘దైవేన దేయమితి కాపురుషా వదంతి’, దేవుడే ఇస్తాడులే అని చేతగానివాళ్లు అంటారు, అని గట్టిగా కసిరే హితోపదేశ శ్లోకం కూడా చివరికి వచ్చేసరికి ‘యత్నే కృతే యది న సిధ్యతి కోఽత్ర దోషః’ అంటుంది. ప్రయత్నించాక కూడా పని జరగకపోతే అందులో తప్పేముంది అని. దోషః అన్న పదానికి ముందు ‘కః’ చేరి, నింద మోపే దారి మూసేసింది. ఓడినవాడికి ఊరట కావాలంటే ఈ పాదం ఇవ్వవచ్చు. పైగా ఇది చెబితే అతను చేసిన శ్రమ అతనిదిగానే మిగులుతుంది. ‘ప్రారబ్ధం’ అని తీసిపారేస్తే ఆ శ్రమను కూడా అతని దగ్గరనుంచి లాగేసుకున్నట్టే.

మొదట అడిగినవారికి: ప్రతిపదార్థం రాసుకునేటప్పుడు ‘ప్రారబ్ధ = మొదలుపెట్టబడిన, అర్థములు = పనులను’ అని విడదీసి రాసుకోండి. అర్థం అంటే ఇక్కడ డబ్బు కూడా కాదు, ప్రయోజనం, కార్యం.