ఎంబీఏకి అప్లై చేస్తున్నా, అక్కడ చదివినవాళ్లతో మాట కలపడం ఎలా?

సిద్దిపేట అమ్మాయి:
నమస్తే అండీ. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అయిదేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో 655 వచ్చింది. ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ (సాఫ్ట్‌వేర్‌లో ఏం ఉండాలో నిర్ణయించే పని) వైపు మారాలని హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ, ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్ బిజినెస్ స్కూళ్లకు అప్లై చేద్దామనుకుంటున్నా. మా ఇంట్లోగానీ చుట్టాల్లోగానీ ఎంబీఏ చేసినవాళ్లు లేరు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెంట్ "నెట్‌వర్కింగ్ లేకుండా సీటు రాదు, అది మేం చూసుకుంటాం" అంటూ పెద్ద ఫీజే అడిగాడు. లింక్డిన్‌లో పెద్ద హోదాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు "గైడ్ చేయండి సార్" అని మెసేజ్‌లు పెట్టాను. ఒక్కరూ పలకలేదు. ఎవరితో మాట్లాడాలి, ఏమని మొదలుపెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

గచ్చిబౌలి అక్క:
చెల్లీ, ముందు ఆ కన్సల్టెంట్‌కి డబ్బు కట్టకు. ఎవరినో పట్టుకుంటే సీటొస్తుందన్న మాట నమ్మకు. నీ బదులు వాళ్లు పరిచయాలు పెంచుకున్నా, ఇంటర్వ్యూలో కూర్చునేది నువ్వే కదా.

నేను ఐఎస్‌బీలో పీజీపీ, అంటే ఎంబీఏ లాంటి అక్కడి ఏడాది కోర్సు, చేశాను. నాకూ ఇలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. ఉత్త "గైడ్ చేయండి" అని ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పక్కన పెట్టేస్తాను. మొన్న ఒకబ్బాయి దాదాపు ఇలా రాశాడు:

"మేడమ్, నేను బ్యాంకింగ్ యాప్‌లకు టెస్టింగ్ చేస్తాను. మీరూ టెస్టింగ్ నుంచే ప్రొడక్ట్‌కి వెళ్లారని ప్రొఫైల్‌లో చూశాను. ప్లేస్‌మెంట్లప్పుడు ఆ అనుభవాన్ని కంపెనీలు ఎలా చూశాయి? శనివారం పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా?"

ఆ రోజే ఫోన్ చేశాను. నా గురించి చదివి, నేను చెప్పగలిగిందే అడిగాడు. ఫీజెంత, చివరి తేదీ ఎప్పుడు అని అడగలేదు. అవి వెబ్‌సైట్‌లోనే ఉంటాయి.

హోదాలు చూడకు. ఐఎస్‌బీ మొదలైంది 2001లో. తొలి బ్యాచ్‌లవాళ్లు గొప్పవాళ్లే, కానీ ఇప్పటి క్లాసులు, ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయో నిరుడో ముందటేడో బయటికొచ్చినవాళ్లే చెప్పగలరు. అందులోనూ నీలాంటి ఉద్యోగం నుంచి వెళ్లినవాళ్లను వెతుకు. ముందు మీ ఆఫీసులోనే అడిగి చూడు. మాదాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పెద్ద కంపెనీల్లో అలాంటివాళ్లు దొరక్కపోరు. ఇప్పుడు చదువుతున్నవాళ్లకు రాస్తే మాత్రం కాస్త ఓపిక పట్టాలి. ఏడాదిలో ఎనిమిది టర్ములు, ఏప్రిల్‌లో మొదలయ్యాక ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. వారం పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచెయ్, అంతే.

మాట్లాడిన రాత్రే విన్నది రాసి పెట్టుకో. "మీది ప్రపంచ స్థాయి కాలేజీ" అని అప్లికేషన్‌తో పంపే ఎస్సేలో ఎవరైనా రాస్తారు. నీకు అక్కడ ఏం కావాలో ఈ మాటల్లోంచే తేలుతుంది. ఒక్కోసారి ఆ కాలేజీ మనకు వద్దని కూడా తేలుతుంది, అదీ మంచిదే.

పారిస్ నుంచి వచ్చినవాణ్ణి:
ఇన్సియాడ్ గురించి నేను చెప్తాను. పది నెలల కోర్సు, జనవరిలో ఒక బ్యాచ్, ఆగస్టు ఆఖర్లో ఇంకోటి. జనవరి బ్యాచ్‌కి మధ్యలో ఇంటర్న్‌షిప్ చేసే వీలుంటుంది, రెండోదానికి ఉండదు. మీరు లైను మారాలనుకుంటున్నారు కాబట్టి ఈ తేడా గురించి రెండు బ్యాచ్‌లవాళ్లనూ అడగండి. అక్కడ ఇంటర్వ్యూ చేసేదీ పూర్వ విద్యార్థులే. ముందే ఒకరిద్దరితో మాట్లాడి ఉంటే బెరుకు పోతుంది. హోటళ్లలో జరిగే ఎంబీఏ ఫెయిర్లకు కూడా వెళ్లండి, జనం మూగకముందే చేరుకుంటే అడ్మిషన్స్ వాళ్లతో తీరిగ్గా మాట్లాడొచ్చు.

సిద్దిపేట అమ్మాయి:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మా టీమ్‌లో ఇదివరకు పనిచేసిన ఒకావిడ ఐఎస్‌బీకి వెళ్లారని ఇప్పుడే తెలిసింది. ఇలా రాశాను: "నేను మీరు వదిలి వెళ్లిన బిల్లింగ్ టీమ్‌లోనే ఉన్నాను. మీరు ఎంబీఏకి ముందే ప్రొడక్ట్ పని మొదలుపెట్టారా, తర్వాతా? వీలైతే మాట్లాడాలని ఉంది. నా రెజ్యూమె, ఎస్సేలు కూడా జత చేస్తున్నాను, చూసి చెప్పగలరు."

గచ్చిబౌలి అక్క:
చాలా బాగుంది. చివరి వాక్యం మాత్రం తీసెయ్, తొలి పరిచయంలోనే అంత పని పెట్టకూడదు. ఆవిడే అడిగితే పంపుదువుగాని. ఆదివారం రాత్రి కాకుండా మంగళవారమో బుధవారమో పంపు.