పీరియడ్స్ మొదటి రోజు కడుపునొప్పి తట్టుకోలేకపోతున్నా, ఇంట్లో చేసుకునేవి ఏవి నిజంగా పనిచేస్తాయి?

వానచినుకు:
హాయ్ అందరికీ, కొంచెం పెద్దగా రాస్తున్నా ఓపిగ్గా చదవండి. నాకు 20 ఏళ్ళు. పీరియడ్స్ వచ్చిన మొదటి రోజు పొత్తికడుపులో ఎవరో మెలిపెట్టేస్తున్నట్టు నొప్పి, అక్కడితో ఆగదు, నడుములోకి పాకి తొడల దాకా లాగేస్తుంది, దానికి తోడు వాంతులు, ఒక్కోసారి లూజ్ మోషన్స్ కూడా. రెండో రోజు సాయంత్రానికి మాత్రం ఏమీ జరగనట్టు మామూలు మనిషినైపోతా, చూసేవాళ్ళకి నిన్న నటించానేమో అనిపిస్తుంది. అమ్మ టాబ్లెట్లు వద్దంటుంది, అలవాటైపోతాయట, తర్వాత పిల్లలు పుట్టడం కష్టమవుతుందట. అందుకని ఇంక నా వల్ల కాదు అనుకున్నప్పుడే ఒకటి వేసుకుంటా, అప్పటికే వాంతులు మొదలైపోయి అది కూడా లోపల నిలవదు. వచ్చే నెల పరీక్షలు సరిగ్గా డేట్ దగ్గరే పడ్డాయి. నెట్ లో వెతికితే ఒక్కోచోట ఒక్కో మాట. ఏది పనిచేస్తుంది, ఏది ఊరికే చెప్తారు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గువ్వపిట్ట:
చెల్లీ ముందు హాట్ వాటర్ బ్యాగ్ ఒకటి కొనుక్కో. ఏదో చిట్కాలే అని తీసిపారేయకు, ఇది టాబ్లెట్ తో పోటీ పడే చిట్కా. 2001లో వచ్చిన ఒక స్టడీలో సుమారు 39 డిగ్రీల వేడి ఉండే ప్యాచ్ ని రోజుకి 12 గంటలు పొత్తికడుపు మీద పెట్టుకున్నవాళ్ళకీ, ఇబుప్రొఫెన్ అనే నొప్పి టాబ్లెట్ వేసుకున్నవాళ్ళకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది, రెండూ కలిపి వాడినవాళ్ళకి రిలీఫ్ ఇంకా తొందరగా వచ్చింది. అంటే ఒళ్ళు కాలిపోయేంత వేడి అక్కర్లేదు, ఒంటి వేడి కంటే కాస్త ఎక్కువ చాలు, కాకపోతే ఎక్కువసేపు ఉంచాలి. ఐదు నిమిషాలు కాపడం పెట్టి ఏం తగ్గలేదు అని పక్కన పడేస్తారు చూడు, అందుకే చాలామందికి అది పనిచేయదనిపిస్తుంది.

మరిగే నీళ్ళు డైరెక్టుగా పోయొద్దు, మూడింట రెండొంతులు నింపి గాలి బయటికి నొక్కేసి మూత పెట్టు, పైన టవల్ చుట్టు, బ్యాగ్ మీద పడుకోకు. నడుము ఎక్కువ లాగుతుంటే అది నడుము కింద కాకుండా పక్కకి తిరిగి పడుకుని వెనక ఆనించుకో. ఇంకోటి, మరీ వేడిగా నెలల తరబడి ఒకేచోట పెడుతూ పోతే చర్మం మీద గోధుమరంగు వలలాంటి మచ్చలు వస్తాయి, నా ఫ్రెండ్ కి వచ్చాయి, తర్వాత పోవడానికి చాలా టైం పట్టింది.

పరీక్ష హాల్లోకి బ్యాగ్ తీసుకెళ్ళలేవు కదా, బట్టల లోపల అంటించుకునే హీట్ ప్యాచ్ లు ఉంటాయి, అవి లోదుస్తుల మీద అంటించుకోవాలి, చర్మానికి తగలకూడదు. కొన్ని రకాలు చర్మం మీద పెట్టుకునేవి కూడా ఉన్నాయి, ప్యాకెట్ మీద ఏం రాసుంటే అదే చెయ్యి.

మందుల_అక్క:
నేను ఫార్మసిస్టుని. ఈ ప్రశ్న రోజూ కౌంటర్ దగ్గర వినేదే కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

నొప్పి ఎందుకొస్తుందో తెలిస్తే టాబ్లెట్ ఎప్పుడు వేసుకోవాలో నీకే అర్థమవుతుంది. పీరియడ్ ముందు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పడిపోతుంది, అప్పుడు గర్భసంచి లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్స్ అనే కెమికల్స్ విడుదలవుతాయి, అవి గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగిస్తాయి, ఆ బిగింపుకి రక్తనాళాలు నొక్కుకుపోయి కండరానికి ఆక్సిజన్ సరిగ్గా అందదు, అదే ఆ మెలిపెట్టే నొప్పి. అవే కెమికల్స్ పేగుల మీద కూడా పనిచేస్తాయి, అందుకే నీకు వాంతులూ మోషన్సూ. నువ్వేదో తినకూడనిది తిన్నందువల్ల కాదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఇవి బాగా ఎక్కువగా ఉండి తర్వాత తగ్గిపోతాయి, రెండో రోజు సాయంత్రానికి నువ్వు మామూలైపోవడం అందుకే, నటన కాదు.

ఇప్పుడు ఇబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి చేసే పని ఏంటంటే ఆ ప్రోస్టాగ్లాండిన్స్ కొత్తగా తయారవకుండా ఆపడం. ఆస్పిరిన్ రకం మందులు ఇలాగే పనిచేస్తాయని 1971లో జాన్ వేన్ కనిపెట్టాడు, 1982లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ కూడా వచ్చింది. కొత్తవి తయారవకుండా ఆపుతాయి గానీ ఆల్రెడీ తయారైపోయినవాటిని తీసెయ్యలేవు. నువ్వు తట్టుకోలేనంత అయ్యాక వేసుకుంటున్నావు చూడు, మంటలు పైకప్పు దాకా వచ్చాక బకెట్ కోసం వెతికినట్టు. లాగడం మొదలవగానే లేదా మొదటి మరక కనపడగానే వేసుకోవాలి, డేట్ కరెక్టుగా వచ్చేవాళ్ళు ముందురోజు నుంచే మొదలుపెట్టొచ్చు. ఒకటి వేసుకుని ఆపేయకుండా మొదటి రెండు మూడు రోజులు టైం ప్రకారం వేసుకోవాలి.

ఇబుప్రొఫెన్ అయితే పెద్దవాళ్ళకి 200 నుంచి 400 ఎంజీ, ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి, డాక్టర్ ని అడక్కుండా రోజుకి మొత్తం 1200 ఎంజీ దాటకూడదు. ఏదో ఒకటి తిన్నాకే. ఈ రకం మందులు రెండు కలిపి వేసుకోవద్దు, దీని మీద అది అన్నట్టు, కడుపులో పుండ్లు పడేది అలాగే. అల్సర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ ప్రాబ్లం ఉన్నవాళ్ళు, ఆస్పిరిన్ లాంటివి వేసుకుంటే ఆయాసం వచ్చేవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ప్రెగ్నెన్సీ ఉందేమో అని డౌట్ ఉన్నవాళ్ళు వీటి జోలికి సొంతంగా వెళ్ళొద్దు. వాళ్ళకి పారాసిటమాల్ ఉంది, దీనికంటే తక్కువ పనిచేస్తుంది కానీ అసలు లేనిదానికంటే నయం.

మీ అమ్మగారి భయం గురించి. ఇవి అలవాటయ్యే మందులు కావు, అలవాటయ్యేవి వేరే ఉన్నాయి. నెలకి రెండు మూడు రోజులు వేసుకుంటే పిల్లలు పుట్టరనడానికి ఆధారమేమీ లేదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న టైంలో మాత్రం ఏ మందైనా డాక్టర్ ని అడిగే వేసుకోవాలి, అది వేరే విషయం.

నిమ్మపువ్వు:
టాబ్లెట్ గురించి అక్క చెప్పేసింది కాబట్టి మిగతావాటికొస్తా, ఎందుకంటే ఇవన్నీ నేను పిచ్చిగా చదివి పిచ్చిగా ట్రై చేసినదాన్ని.

అల్లం: దీని మీద స్టడీలు బానే ఉన్నాయి, చాలావాటిలో మొదటి మూడు నాలుగు రోజులు రోజుకి 750 నుంచి 2000 ఎంజీ ఎండల్లం పొడి ఇచ్చారు. అంటే రోజు మొత్తం మీద సుమారు అర టీస్పూన్ నుంచి టీస్పూన్, రెండు మూడుసార్లుగా. టీలో రెండు ముక్కలు దంచి వేసి ఏం పనిచేయలేదంటే అందులో ఎంత దిగిందో ఎవరికి తెలుసు. వికారానికి కూడా పనికొస్తుంది కాబట్టి నీలాంటి కేసుకి నేను ఓటేస్తా, గొంతులో మంట గ్యాస్ ఉన్నవాళ్ళు తగ్గించి చూసుకోండి. సోంపు, దాల్చినచెక్క మీద కూడా చిన్న చిన్న స్టడీలు ఉన్నాయి, అంత గట్టివి కావు. తాగితే హాయిగా ఉంటే తాగండి, అంతే.

ఎక్సర్‌సైజ్: ఇది ఆ రోజు చేసేది కాదు, నెలంతా చేసేది. వారానికి మూడుసార్లు, 45 నిమిషాల నుంచి గంట దాకా. స్ట్రెచింగ్, యోగా, ఏరోబిక్స్ ఏదైనా పర్లేదు, నొప్పి బాగానే తగ్గే అవకాశం ఉందని ఈ స్టడీలన్నీ కలిపి చూసిన రివ్యూ కూడా చెప్పింది. కానీ వాంతులవుతున్న మనిషికి లేచి వ్యాయామం చెయ్యి అని సలహా ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమండుతుంది. ఆ రోజు చేతనైతే గదిలో నాలుగడుగులు, లేదా మోకాళ్ళ మీద కూర్చుని ముందుకి వంగి నుదురు నేలకి ఆనించి కాసేపు ఉండటం, అదీ బాగుంటేనే.

మెగ్నీషియం కూడా కొందరికి పనిచేస్తుందంటారు, కానీ డోసు ఎక్కువైతే లూజ్ మోషన్స్, నీకు ఆల్రెడీ ఆ బాధ ఉంది కాబట్టి వదిలెయ్.

టెన్స్ మెషిన్ అని ఒకటుంటుంది, ప్యాడ్లు పొత్తికడుపు మీదో నడుము మీదో అంటించుకుంటే సన్నగా కరెంట్ తగిలినట్టు జిలజిలమంటుంది, మందులు పడనివాళ్ళకి మంచి ఆప్షన్. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాడకూడదు.

చల్లనీళ్ళు తాగితే గడ్డకట్టేస్తుంది, తలస్నానం చేస్తే ఆగిపోతుంది లాంటివన్నీ ఊరికే. నీళ్ళు వెళ్ళేది కడుపులోకి, గర్భసంచిలోకి కాదు.

వానచినుకు:
అయ్యో ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. మందుల అక్కా రెండు డౌట్లు. ఒకటి, నాకు డేట్ అటూ ఇటూ నాలుగైదు రోజులు మారుతుంది, ముందురోజే ఎలా వేసుకోవాలి? రెండు, ఆ రోజు పొద్దున్న ఏమీ తినబుద్ధి కాదు, ఖాళీ కడుపుతో వేసుకుంటే ఏమవుతుంది?

మందుల_అక్క:
డేట్ మారేవాళ్ళు ముందురోజు సంగతి వదిలెయ్యండి, నాలుగు రోజుల ముందునుంచి ఊహించుకుంటూ వేసుకుంటూ కూర్చోవద్దు. మరక కనపడగానే లేదా ఆ నడుము లాగుడు మొదలవగానే. నీకు నొప్పి ఏ గంటకి పీక్ కి వెళ్తుందో ఒకటి రెండు నెలలు ఫోన్లో రాసుకో, మొదలైన టైం, వాంతి ఎప్పుడు, టాబ్లెట్ ఎప్పుడు, తగ్గింది ఎప్పుడు. రేపు డాక్టర్ దగ్గరికెళ్ళినా ఆ రాసుకున్నదే ఎక్కువ పనికొస్తుంది.

తినడానికి పెద్ద భోజనమే అక్కర్లేదు, రెండు బిస్కెట్లో, అరటిపండో, గ్లాసు పాలో చాలు, వికారం మొదలవకముందే. అందుకే త్వరగా వేసుకోమనేది కూడా. వేసుకున్న కాసేపటికే వాంతి అయిపోతే వెంటనే ఇంకోటి వేసేసుకోకు, ఎంత లోపలికెళ్ళిందో తెలీదు కదా, ఫార్మసిస్టుకో డాక్టర్ కో ఫోన్ చేసి అడుగు. ప్రతినెలా వాంతుల వల్ల మందు నిలవకపోతుంటే డాక్టర్ వికారం ఆగే మందు కూడా రాస్తారు.

పరీక్ష రోజే మొదటిసారి వేసుకోకు, ఈ నెలే వేసుకుని నీకు పడుతుందో లేదో చూసుకో.

మౌనరాగాలపిల్ల:
అందరూ మంచి విషయాలే చెప్పారు కానీ నేను వేరే వైపు నుంచి చెప్తా, చదివి భయపడొద్దు. అందరికీ ఉండేదే, తట్టుకోవాలి, పెళ్ళైతే పోతుంది, ఈ మూడు మాటలు వింటూ వింటూ నేను ఏళ్ళు గడిపేశా. నాది మామూలు నెలసరి నొప్పి కాదు ఎండోమెట్రియోసిస్ అని చివరికి తేలింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిది బయట, అండాశయాల మీద, పేగుల దగ్గర పెరగడం. పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో సుమారు పది శాతం మందికి ఇది ఉంటుందని డబ్ల్యూహెచ్ఓ అంటోంది, అంటే అంత అరుదైనదేం కాదు.

తేడా ఎలా తెలుస్తుందంటే, మామూలు నొప్పి నీకులాగే రక్తస్రావంతో మొదలై రెండు మూడు రోజుల్లో పోతుంది, చాలామందికి వయసుతో కాస్త తగ్గుతుంది. నాది ఏటేటా పెరిగింది, డేట్ కి వారం ముందే మొదలయ్యేది, పీరియడ్స్ లో మోషన్ కి వెళ్ళాలంటే ఏడుపొచ్చేది, తర్వాత పెళ్ళయ్యాక కలిసినప్పుడు కూడా లోపల నొప్పి. స్కానింగ్ చేస్తే అంతా నార్మల్ అన్నారు, స్కానింగ్ నార్మల్ అయినంత మాత్రాన ఇది లేదని కాదు, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వేరే డాక్టర్ నా మాట విని హార్మోన్ టాబ్లెట్లు మొదలుపెట్టాకే నాకు నెల మొత్తంలో నొప్పిలేని రోజులంటూ వచ్చాయి.

టాబ్లెట్ టైంకి వేసుకుని, వేడి పెట్టి, మూడు నెలలు సరిగ్గా చూసినా కాలేజీకి వెళ్ళలేనంత ఉంటే గైనిక్ దగ్గరికి వెళ్ళు. పెళ్ళికాని అమ్మాయి గైనిక్ దగ్గరికేంటి అని ఎవరన్నా అంటే అననీ.

గువ్వపిట్ట:
పైన చెప్పినదానికి ఇంకొన్ని కలుపుతున్నా, వీటికి మూడు నెలలు ఆగకూడదు. గంటకో ప్యాడ్ నిండిపోతూ అలా రెండు మూడు గంటలు సాగితే, జ్వరంతో పాటు నొప్పి ఉంటే, వాసనతో వైట్ డిశ్చార్జ్ ఉంటే, కళ్ళు తిరిగి పడిపోతే. డేట్ దాటిపోయి తర్వాత కొంచెం బ్లీడింగ్ తో ఒక పక్కన పొడిచినట్టు నొప్పి వస్తే అది ట్యూబ్ లో ప్రెగ్నెన్సీ కావచ్చు, అప్పుడు హాట్ బ్యాగ్ పెట్టుకుని పడుకోవడం కాదు, వెంటనే హాస్పిటల్.

సైకిల్‌బండి:
అన్నయ్యలు కూడా ఇక్కడ రాయొచ్చా? మా ఆవిడకి ఇదే ప్రాబ్లం, ఏమన్నా కావాలా అంటే ఏం వద్దు అంటుంది, ఏమీ చేయకపోతే పట్టించుకోలేదంటుంది. ఏం చేయాలో ఎవరన్నా చెప్తే బావుణ్ణు.

నిమ్మపువ్వు:
అడగొద్దండి, చేసేయండి. నొప్పిలో ఉన్న మనిషికి ఏం కావాలో ఆలోచించి చెప్పడం కూడా ఒక పనే. బ్యాగ్ లో నీళ్ళు చల్లారిపోతే మార్చండి, తినడానికి ఏదైనా చిన్నది పక్కన పెట్టండి, టాబ్లెట్ ఎన్నింటికి వేసుకుందో మీరు గుర్తుపెట్టుకోండి, వంటింటి వైపు ఆవిడ చూడకుండా చూసుకోండి. నడుము మీద అరచేత్తో గట్టిగా నొక్కితే కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి ముట్టుకుంటే చిరాకు, అది మాత్రం అడిగి చేయండి.

వానచినుకు:
మందుల అక్క రాసిన మెసేజ్ అమ్మకి చదివి వినిపించా. మొత్తం విని, ఆ కడుపులో పుండ్ల ముక్క మళ్ళీ చదవమంది 😅 సరే తిన్నాకే వేసుకో అంది చివరికి. హీట్ ప్యాచ్ లు ఆర్డర్ పెట్టా. ఈ నెల డేట్ ఇంకో వారంలో ఉంది, ఫోన్లో రాసుకోవడం మొదలుపెడతా, ఎలా ఉందో వచ్చి చెప్తా.