మంచులో రాంచ్ కేబిన్: వంటగదిలో చన్నీళ్లు మాత్రమే గడ్డకడుతున్నాయి

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అమెరికాలోని మోంటానాలో ఒక రాంచ్‌లో (పశువుల ఫారం) పాత చెక్క కేబిన్‌లో ఉంటున్నాం. ఓనర్లు ఫోన్‌కి అందడం లేదు, ప్లంబర్ సెలవులయ్యాకే వస్తాడట.

రాత్రి మైనస్ 15 ఫారన్‌హీట్‌కి (సుమారు మైనస్ 26 సెల్సియస్) పడితే, తెల్లారేసరికి వంటగది సింకులో చన్నీళ్లు ఆగిపోతున్నాయి. అదే సింకులో వేడినీళ్లు వస్తున్నాయి. బాత్రూంలో రెండూ వస్తున్నాయి. బోరు నీళ్ల ప్రెషర్ గేజ్ 40-60 psi మధ్యే ఉంది కాబట్టి పంపు బాగానే ఉన్నట్టు. మధ్యాహ్నం కట్టెల పొయ్యి బాగా రాజుకున్నాక దానంతటదే వదులుతోంది. ఇంకో సంగతి, సింకు ఉత్తరం గోడకి ఉంది. అంతే చలి ఉన్నా గాలి లేని రాత్రి ఏమీ కావడం లేదు.

సింకు కింద అల్మరా తలుపులు తెరిచి పెట్టాం. రాత్రంతా సన్నటి ధార వదిలితే డ్రైన్ పైపులో మంచు పేరుకుని సింకు నిండింది, అది మానేశాం. బయటికి కనిపించే రాగి పైపుకి హెయిర్ డ్రయ్యర్ పట్టినా లాభం లేదు. నేల కింద ఖాళీలో ఉన్న పైపుకి హీట్ టేప్ (కరెంటుతో వేడెక్కే పట్టీ) చుట్టి ఉంది. దాని లైటు వెలుగుతోంది, ముట్టుకుంటే వెచ్చగానే ఉంది. గోడలో ఎక్కడో గాలి దూరుతోందని నా అనుమానం. నిప్పుతో కాల్చే సలహాలు మాత్రం వద్దండీ, చుట్టూ చెక్కే.

గోడ విప్పకుండా, పైపు సరిగ్గా ఏ చోట గడ్డకడుతోందో ఎలా కనిపెట్టాలి?